మకారోవ్ నిజంగా అంత గొప్పవాడా? ఓడల మీద బతికిన ఒకడి జవాబు

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. జారుల కాలపు రష్యా నౌకాదళంలో మామూలు ఇంట్లో పుట్టినవాడు అడ్మిరల్ కాగలిగేవాడా? స్తెపాన్ మకారోవ్‌ను అందుకు ఉదాహరణగా చూపిస్తారు కదా, ఆయన నిజంగా గొప్ప సేనానా, లేక 1904లో జపాన్‌తో యుద్ధంలో, చైనా తీరంలో రష్యా చేతిలో ఉన్న పోర్ట్ ఆర్థర్ రేవు దగ్గర తొందరగా చనిపోవడం వల్ల పెరిగిన పేరా? చివరగా, మకారోవ్ పిస్తోలు ఈయన పేరు మీదేనా? దీని మీద మీ తమ్ముడితో పందెం కాశానన్నారు. పిస్తోలు సంగతి ఆఖర్న చెబుతాను.

నా గురించి ఒక ముక్క. నేను నౌకాదళం మనిషిని కాను. ముప్ఫై ఏళ్లకు పైగా సరుకు ఓడల మీద పనిచేసి, కెప్టెన్‌గా రిటైరై విశాఖపట్నంలో ఉంటున్నాను. మకారోవ్ నాకు యుద్ధాల వల్ల పరిచయం కాలేదు, బోస్ఫరస్ జలసంధి వల్ల అయ్యాడు. ఆ కథ మధ్యలో వస్తుంది. తేదీలన్నీ ఇప్పటి క్యాలెండర్ ప్రకారమే ఇస్తున్నాను. రష్యన్ల పాత క్యాలెండర్ 19వ శతాబ్దంలో పన్నెండు రోజులు, 20వ శతాబ్దంలో పదమూడు రోజులు వెనక నడిచేది. ఒక్కో చోట ఒక్కో తేదీ కనిపిస్తే కంగారు పడకండి.

మొదటి ప్రశ్నకు వద్దాం. పీటర్ చక్రవర్తి 1722లో హోదాల పట్టిక ఒకటి పెట్టాడు. సైన్యమైనా, నౌకాదళమైనా, సివిల్ కొలువైనా మొత్తం పద్నాలుగు మెట్లు. కింది నుంచి ఎక్కుతూ పోతే ప్రభువంశ హోదా కూడా దక్కుతుంది. కాగితం మీద దారి తెరిచే ఉంది. కానీ నౌకాదళ అధికారులు తయారయ్యేది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని కేడెట్ కోర్ అనే శిక్షణ బడిలో. అందులో చేరేది దాదాపు అందరూ ప్రభువంశీకుల పిల్లలే. తాత, తండ్రి, మనవడు వరసగా నౌకాదళంలోనే పనిచేసిన ఇళ్లుండేవి. వీళ్లు కాక, ఓడ ఎక్కడుందో లెక్క కట్టి దారి చూపే నావిగేటర్లకు ఒక కోర్ (అంటే విడి విభాగం), ఇంజన్లు నడిపేవాళ్లకు మరో కోర్ ఉండేవి. వీళ్ల హోదాల పేర్లు కూడా నౌకాదళానివి కావు, నేల మీది సైన్యానివి. ఒకే ఓడలో ఏళ్ల తరబడి కలిసి తిరిగినా వీళ్లది ఎప్పుడూ ఒక మెట్టు కిందే. నావిగేటర్ ఎంత సమర్థుడైనా యుద్ధనౌకకు కెప్టెన్ అయ్యే దారి లేదు.

మకారోవ్ బయలుదేరింది ఈ పక్క గుమ్మం నుంచి. 1849 జనవరి 8న నల్లసముద్రం వైపున్న నికొలాయెవ్‌లో పుట్టాడు. అది ఇప్పటి ఉక్రెయిన్‌లోని మికొలాయివ్. తండ్రి నౌకాదళంలో కింది స్థాయిలో చేరి, ఏళ్లకేళ్లు పనిచేసి, అధికారుల్లో అట్టడుగు హోదా అయిన ప్రాపొర్షిక్ దాకా వచ్చినవాడు. 1858లో కుటుంబం పసిఫిక్ వైపు, ఆమూర్ నది ముఖద్వారం దగ్గరి నికొలాయెవ్‌స్క్‌కు మారింది. రెండు ఊళ్ల పేర్లు ఒకేలా ఉన్నా మధ్యలో ఒక ఖండం పట్టేంత దూరం. తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి అక్కడి నావిగేటర్ల బడిలో వేశారు. రాజధానిలోని కేడెట్ కోర్ ఎక్కడ, సైబీరియా కొసన ఉన్న ఈ బడి ఎక్కడ!

అయితే ఆ మారుమూల బడివల్ల ఒక మేలు జరిగింది. అక్కడ మనుషులు తక్కువ, ఓడలు ఎక్కువ. కుర్రవాళ్లను చిన్నప్పుడే సముద్రం మీదకు పంపేవారు. అడ్మిరల్ పొపోవ్ దళం 1863లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినప్పుడు మకారోవ్ ఆయన ఓడ బొగతిర్ మీదే ఉన్నాడు. వయసు పదిహేనేళ్లు కూడా నిండలేదు. పొపోవ్ కంట్లో పడటం అక్కడే మొదలు. 1865లో బడిలో ప్రథముడిగా నెగ్గాక, ఇతణ్ణి నావిగేటర్ల కోర్‌లో కాకుండా అసలు నౌకాదళంలోనే గార్డెమరీన్‌గా, అంటే అధికారి కాబోయే శిక్షణార్థిగా, తీసుకోవాలని ఆ ప్రాంతపు అధికారి కజకేవిచ్ పైకి సిఫారసు రాశాడు. పై వాళ్లు ఒప్పుకున్నారు. 1869లో మిచ్‌మన్ అయ్యాడు, అంటే అధికారిగా మొదటి మెట్టు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: కాగలిగేవాడు, కానీ చదువులో మొదటి ర్యాంకు ఒక్కటే సరిపోదు. పక్క గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చెయ్యిపట్టి పెద్ద గుమ్మంలోకి లాగే మనిషి ఒకడు కావాలి. మకారోవ్‌కు అలాంటివాళ్లు ఇద్దరు దొరికారు.

అదే 1869లో ఆయన రుసాల్కా అనే కవచపు ఓడ మీద ఉండగా, ఫిన్లాండ్ తీరపు రాళ్ల మధ్య దాని అడుగుకు రాయి తగిలింది. చిల్లు చిన్నదే. వాతావరణం ప్రశాంతం. అయినా ఓడ మునిగిపోయేంత పనైంది. కెప్టెన్ లోతు తక్కువున్న చోటికి ఎక్కించి నిలబెట్టాడు. మిగతా అధికారులు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుని ఉంటారు. ఇరవై ఏళ్ల మిచ్‌మన్ మాత్రం అరలన్నీ తిరిగి, కొలతలు తీసి, ఇంత చిన్న చిల్లుకు ఇంత పెద్ద ఓడ ఎందుకు లొంగిందని లెక్క వేశాడు. పంపులకు శక్తి ఉంది, కానీ నీళ్లు పంపుల దాకా వచ్చే దారి లేదు. ఇదీ ఆయన తేల్చింది.

బయటివాళ్లకు ఇది వింతగా అనిపించవచ్చు, మాకు అనిపించదు. నేను సెకండ్ ఆఫీసర్‌గా ఉన్న ఒక గోధుమల ఓడలో ఒకసారి ముందు హోల్డులోకి నీళ్లు వచ్చాయి. పంపు వేశాం. ఇంజన్ గదిలో పంపు గిరగిరా తిరుగుతోంది, గేజీలో ముల్లు కదలడం లేదు. హోల్డు అడుగున నీళ్లు చేరే గుంట ఉంటుంది, దాని జల్లెడకు నానిన గోధుమలు సంకటి ముద్దలా పట్టేశాయి. గంటకు వంద టన్నులు తోడగల పంపు ఉండి కూడా, ఇద్దరు కుర్రవాళ్లు నడుంలోతు నీళ్లలో దిగి బకెట్లతో ఆ ముద్దను ఎత్తిపోయాల్సి వచ్చింది. పంపు ఎంత పెద్దదని అడగకు, నీళ్లు దాని దగ్గరికి ఎలా వస్తాయని అడుగు అని మా చీఫ్ ఇంజనీరు తిట్టిన తిట్టు ఇప్పటికీ గుర్తుంది.

మకారోవ్ 1870లో రష్యా నౌకాదళ పత్రికలో రాసింది సరిగ్గా ఇదే. ఓడ అడుగున ఒక ప్రధాన గొట్టం పొడవునా వేయాలి, ప్రతి అరకూ దాని నుంచి కొమ్మ ఉండాలి, ఏ పంపుతోనైనా ఏ అరనైనా తోడగలగాలి. దానితో పాటు ఒక చాప. మందపాటి కిత్తాను గుడ్డతో ముందే కుట్టి, తాళ్లు కట్టి సిద్ధంగా పెట్టుకోవాలి. చిల్లు పడగానే బయటి నుంచి దించితే సముద్రపు ఒత్తిడే దాన్ని చిల్లుకు అదిమి పట్టి ఉంచుతుంది. చిల్లుకు గుడ్డ అడ్డం పెట్టడం పాత విద్యే. కానీ అప్పటిదాకా ప్రమాదం జరిగాక తెరచాప గుడ్డ వెతికి కుట్టడం మొదలుపెట్టేవారు. ముందే కుట్టి పెట్టుకోవడమే ఈయన చేర్చినది. 1873లో వియన్నా ప్రపంచ ప్రదర్శనలో ఈ చాపను పెట్టారు. ఒక పక్క నీళ్లు నిండి ఓడ ఒరిగితే, రెండో పక్క అరల్లోకి మనమే నీళ్లు వదిలి నిలబెట్టాలన్న ఆలోచన కూడా ఆయనదే. తరువాత అలెక్సేయ్ క్రిలోవ్ దానికి పట్టికలు కట్టి శాస్త్రం చేశాడు. మునగకుండా ఉండాలంటే ముందు తిరగబడకుండా ఉండాలి అన్న ఈ చిన్న సంగతి ఎంత పెద్దదో 1905లో జపాన్‌తో సుషిమా దగ్గర జరిగిన సముద్ర యుద్ధంలో తెలిసింది. ఓస్ల్యాబ్యా, బొరొదినో లాంటి పెద్ద యుద్ధనౌకలు ఒరిగి బోర్లా పడ్డాయి.

రుసాల్కా కథ అక్కడితో అయిపోలేదు. 1893 సెప్టెంబరులో, మకారోవ్ దాన్ని వదిలిన చాలా ఏళ్లకు, అదే ఓడ ఫిన్లాండ్ సింధుశాఖలో తుఫానులో 177 మందితో సహా కనిపించకుండా పోయింది. ఒక్కరూ బతకలేదు. దాని జాడ మళ్లీ దొరికింది 2003లో. ఓడ పోయినప్పుడు జరిగిన దర్యాప్తులో మకారోవ్ కూడా పనిచేశాడు.

ఇప్పుడు యుద్ధం. 1877లో టర్కీతో యుద్ధం వచ్చేసరికి నల్లసముద్రంలో రష్యాకు చెప్పుకోదగ్గ నౌకాదళమే లేదు. క్రిమియా యుద్ధం తరువాత 1856 పారిస్ ఒప్పందం దాన్ని నిషేధించింది. ఆ ఆంక్ష 1871లో పోయినా, ఆరేళ్లలో తయారైన పెద్ద ఓడలు రెండే. అవీ పళ్లెంలా గుండ్రంగా ఉండేవి. నవ్వకండి, నిజమే. వాటిని రూపొందించింది మన కథలోని పొపోవే. అటు టర్కీకి కవచపు ఓడల దళం ఉంది.

మకారోవ్ ఒక ప్రతిపాదన పెట్టాడు. వేగంగా పోగల ప్రయాణికుల ఆవిరి ఓడ ఒకటి ఇవ్వండి, దాని మీద చిన్న ఆవిరి పడవలు నాలుగు ఎక్కించుకుని శత్రువు రేవుకు రాత్రి పూట వెళ్తాను, అక్కడ దించి దాడి చేస్తాను అని. దొరికిన ఓడ పేరు వెలీకీ క్న్యాజ్ కాన్‌స్తాన్తీన్. ఇక్కడ చిక్కు దాడిలో లేదు, పడవలను దించడంలో ఉంది. చల్లటి బాయిలరు ఉన్న పడవను నీళ్లలో దింపితే ఆవిరి పట్టేసరికి తెల్లవారుతుంది. అందుకని పెద్ద ఓడ బాయిలరు నుంచే వేడి నీళ్లు పడవల బాయిలర్లలోకి నింపి, ఆ తరువాత దించే ఏర్పాటు చేశాడు. ఈ ఒక్క వివరం చాలు నాకు, ఈయన ఎలాంటి అధికారో చెప్పడానికి. ధైర్యం చాలామందికి ఉంటుంది. బాయిలరులో నీళ్ల వేడి గురించి ఆలోచించే ధైర్యవంతులు తక్కువ.

మొదటి దాడి 1877 మేలో, అప్పటి టర్కీ రేవు బటూమీ దగ్గర జరిగింది. చెస్మా అనే పడవ తాడుకు కట్టి లాగుకుపోయిన మైను టర్కీ ఓడకు తగిలింది, కానీ పేలలేదు. తరువాతివి కూడా సగం సగం ఫలితాలే. డిసెంబరులో వైట్‌హెడ్ టార్పెడోలు, అంటే తమంతట తామే నీళ్లలో దూసుకుపోయేవి, మొదటిసారి వదిలారు. అవి గురి తప్పి ఒడ్డుకు కొట్టుకుపోయాయి. 1878 జనవరి 26 తెల్లవారకముందు అదే బటూమీలో చెస్మా, సినోప్ అనే రెండు పడవలు సుమారు ఎనభై మీటర్ల దూరం నుంచి రెండు టార్పెడోలు వదిలాయి. ఇంతిబా అనే టర్కీ ఓడ మునిగింది. తమంతట తాము నడిచే టార్పెడోలతో ఓడను ముంచడం లోకంలో అదే మొదలని చెబుతారు. ఆ యుద్ధం ఆయనకు సెయింట్ జార్జ్ పతకాన్ని, బంగారు ఖడ్గాన్ని, చక్రవర్తి పరివారంలో సైనిక సహాయకుడి బిరుదును తెచ్చిపెట్టింది. పదోన్నతులు కూడా వెంటవెంటనే వచ్చాయి: 1878లో రెండో తరగతి కెప్టెన్, 1882లో మొదటి తరగతి కెప్టెన్. నావిగేటర్ల బడి పిల్లవాడు ముప్ఫై మూడేళ్లకే ఆ మెట్టు మీద ఉన్నాడు.

ఇక బోస్ఫరస్. 1881 చివర్లో ఆయన్ని కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) రష్యా రాయబారి దగ్గరుండే తమాన్ అనే ఓడకు కెప్టెన్‌గా వేశారు. అది దాదాపు అలంకారపు ఉద్యోగం. విందులకు పోవచ్చు, జెండాలు కట్టవచ్చు. మకారోవ్‌కు తోచుబాటు కాలేదు. పై నీళ్లు నల్లసముద్రం నుంచి మర్మరా సముద్రం వైపు వేగంగా పారుతున్నా, అడుగున ఎదురు ప్రవాహం ఉందని అక్కడి జనం చెప్పుకునేవారు. రెండు వందల ఏళ్ల క్రితం మార్సీలీ అనే ఇటలీ పెద్దమనిషి కూడా ఆ మాట రాశాడు. మకారోవ్ ఒక చిన్న పడవలో నడి జలసంధికి పోయి, నీళ్లు నింపిన పీపాకు బరువు కట్టి తాడుతో లోతుకు దించాడు. పీపా కింది ప్రవాహంలోకి దిగగానే పడవ పై నీళ్లకు ఎదురుగా నడవడం మొదలుపెట్టింది. తెడ్డు లేదు, తెరచాప లేదు.

ఆ తరువాత తీరికగా కొలతలకు దిగాడు. ప్రవాహం వేగం కొలవడానికి తానే ఒక పరికరం చేసుకున్నాడు. నీళ్లలో తిరిగే చిన్న చక్రం, దానికి ఒక గంట. చక్రం తిరిగే కొద్దీ గంట మోగుతుంది, ఆ చప్పుడు నీళ్ల గుండా ఓడలోకి వినిపిస్తుంది, లెక్కపెట్టుకోవడమే. టర్కీవాళ్లకు అనుమానం రాకుండా సద్దు లేకుండా చేయాల్సిన పని ఇది. కారణం ఉప్పు అని తేల్చాడు. పెద్ద నదులు వచ్చి కలవడం వల్ల నల్లసముద్రపు పై నీళ్లలో ఉప్పు వెయ్యికి 18 పాళ్లు. మధ్యధరా వైపు నీళ్లలో 38 దాకా ఉంటుంది. తేలిక నీళ్లు పైన అటు పోతాయి, బరువు నీళ్లు అడుగున ఇటు వస్తాయి. 1885లో అచ్చయిన ఈ పరిశీలనకు రష్యా సైన్స్ అకాడమీ బహుమతి ఇచ్చింది.

నేను ఆ జలసంధి గుండా మొదటిసారి వెళ్లినప్పుడు థర్డ్ ఆఫీసర్‌ని. ఓడ లోతుగా నిండి ఉంది. పైకెక్కిన పైలట్, ఒక ముసలి టర్కీ ఆయన, టీ తాగుతూ, మీ ఓడ కాళ్లు ఒక నీళ్లలో, తల ఒక నీళ్లలో ఉన్నాయి జాగ్రత్త అన్నాడు. నాకు అర్థం కాక చార్టు వైపు చూశాను. మా కెప్టెన్ నవ్వి మకారోవ్ పేరు చెప్పి, ఆ రాత్రి వాచ్‌లో ఈ పీపా కథంతా చెప్పాడు. ఈయన మీద నా అభిమానం అక్కడ మొదలైంది, అది తెలిసే మిగతాది చదవండి.

1886 నుంచి 1889 వరకు విత్యాజ్ అనే కార్వెట్ (చిన్న యుద్ధనౌక) మీద భూమి చుట్టి వచ్చాడు. సైనిక ప్రయాణమే అయినా వెళ్లిన ప్రతి చోటా నీటి వేడిమి, సాంద్రత కొలిపించాడు. వాటితో పసిఫిక్ మీద రెండు సంపుటాలు రాశాడు. మొనాకోలోని సముద్రశాస్త్ర మ్యూజియం ముందు గోడ మీద చెక్కిన పేరుగల ఓడల్లో విత్యాజ్ ఒకటి. 1890లో నలభై ఒకటో ఏట రియర్ అడ్మిరల్.

ఇక్కడ ఒక మాట పక్కకు. 1885లో రష్యా నౌకాదళం పదోన్నతులకు కొత్త నియమం తెచ్చింది. ఇన్ని నెలలు సముద్రం మీద ఉండాలి, ఫలానా తరగతి ఓడ ఇన్నాళ్లు నడిపి ఉండాలి, అప్పుడే పై హోదా. వినడానికి న్యాయంగానే ఉంది. ఆచరణలో అధికారులు నెలలు నింపుకోవడానికి ఓడ నుంచి ఓడకు దూకడం మొదలుపెట్టారు. కెప్టెన్‌కు తన ఓడ తెలిసే లోపు బదిలీ వచ్చేది. ఓడ ఏదైతేనేం, నెలలు పూర్తయితే చాలన్న తీరు. జపాన్ మీద రష్యా ఓడిపోవడానికి ఫిరంగులూ గుండ్లూ ఎంత కారణమో ఈ నియమం అంత కారణమని నా అభిప్రాయం. మొదటి తరగతి కెప్టెన్ దాకా మకారోవ్ పదోన్నతులు ఈ నియమానికి ముందే వచ్చాయి. పదేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆయన కూడా నెలలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడేమో.

1891 నుంచి నౌకాదళ ఫిరంగుల తనిఖీ బాధ్యత. కవచాన్ని తొలిచే గుండుకు మెత్తటి ఉక్కు టోపీ తొడగాలన్న ఆలోచన అప్పటిదే. పరీక్షలో ఒక ఉక్కు పలకను పొరపాటున వెనకవైపు ముందుకు తిప్పి నిలబెట్టారని, మెత్తటి వైపు తగిలిన గుండు సులువుగా దూసుకుపోయిందని, అది చూసి ఆ మెత్తదనాన్ని గుండుకే తగిలించాడని చెబుతారు. 1896లో వైస్ అడ్మిరల్. 1897లో నౌకా యుద్ధ వ్యూహం మీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన తరచూ చెప్పే మాట రెండే పదాలు: యుద్ధాన్ని గుర్తుంచుకో.

ఆయన పొరపాట్లు కూడా చెప్పాలి, లేకపోతే ఇది భజన అవుతుంది. పెద్ద కవచపు ఓడలు దండగ, మూడు వేల టన్నుల చిన్న ఓడలకు కవచం లేకుండా మంచి ఫిరంగులు పెట్టి ఎక్కువ సంఖ్యలో కట్టాలని ఆయన గట్టిగా వాదించాడు. లోకం అటు పోలేదు, పోకపోవడమే మంచిదైంది. రెండోది యెర్మాక్ అనే మంచు విరిచే ఓడ కథ. మంచును తొలుచుకుంటూ ఉత్తర ధ్రువానికి నేరుగా పోవచ్చని 1897లో ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆర్థిక మంత్రి విట్టె డబ్బు ఇప్పించాడు, రసాయన శాస్త్రవేత్త మెండలేవ్ వెనక నిలిచాడు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ కట్టిన ఆ ఓడ 1899 మార్చిలో గడ్డకట్టిన ఫిన్లాండ్ సింధుశాఖను చీల్చుకుని రాజధాని దగ్గరి నౌకాదళ రేవు క్రోన్‌స్టాట్ చేరితే జనం మంచు మీద నడిచి వచ్చి చూశారు. బాల్టిక్ మంచును బాగానే విరిచింది. కానీ ధ్రువపు మంచు వేరు. స్పిట్స్‌బర్గెన్ దగ్గర ఓడ ఒళ్లు దెబ్బతింది. అమెరికా సరస్సుల ఓడలను చూసి ముందు వైపు పెట్టిన ప్రొపెల్లరు పనికిరాక తీసేయాల్సి వచ్చింది. మెండలేవ్‌తో దారి విషయంలో తగవు వచ్చింది. 1901లో నోవయా జెమ్ల్యా దగ్గర మంచులో నెల రోజుల పాటు ఇరుక్కుపోయాక ప్రభుత్వం యెర్మాక్‌ను ఆయన చేతుల్లోంచి తీసేసి బాల్టిక్‌కే పరిమితం చేసింది. మధ్యలో ఒక మంచి పని జరిగింది. 1899 చివర్లో గోగ్లాండ్ దీవి రాళ్ల మీద చిక్కిన అప్రాక్సిన్ అనే యుద్ధనౌకను యెర్మాక్ సాయంతో విడిపించారు. అందుకోసం పొపోవ్ అనే శాస్త్రవేత్త (అడ్మిరల్ పొపోవ్ కాదు) దీవికీ కోట్కా ఊరికీ మధ్య వైర్‌లెస్ పెట్టాడు. దాని మీద వచ్చిన తొలి వర్తమానాల్లో ఒకటి మంచుగడ్డ మీద కొట్టుకుపోతున్న జాలరులను కాపాడమని. యెర్మాక్ వెళ్లి కాపాడింది. ధ్రువం చేరలేదు కానీ ఆ ఓడ 1960ల దాకా పనిచేసింది.

ఇప్పుడు పోర్ట్ ఆర్థర్. 1904 ఫిబ్రవరి 8న, క్రోన్‌స్టాట్ రేవు అధిపతిగా ఉన్న మకారోవ్ నౌకామంత్రిత్వ శాఖకు ఉత్తరం రాశాడు. పోర్ట్ ఆర్థర్‌లో ఓడలను బయటి లంగరులో ఉంచడం ప్రమాదం, ఇప్పుడే లోపలి రేవులోకి తీసుకోండి, లేకపోతే మొదటి రాత్రి దాడి తరువాత తీసుకోక తప్పదు, అప్పటికి మూల్యం చెల్లించి ఉంటాం అని దాని సారాంశం. అదే రోజు రాత్రి జపాన్ టార్పెడో పడవలు వచ్చాయి. మూడు పెద్ద ఓడలు దెబ్బతిన్నాయి. ఆ తరువాతే పై వాళ్లకు మకారోవ్ గుర్తుకొచ్చాడు.

మార్చి 8న చేరాడు. మొత్తం ముప్ఫై ఆరు రోజులు. ఏం చేశాడో చూడండి. ఆ రేవు నోరు ఇరుకు, లోతు తక్కువ, పెద్ద ఓడలు పోటు మీదే బయటికి రాగలవు. దళమంతా బయటపడాలంటే రెండు పోట్లు, అంటే దాదాపు ఒక రోజు పట్టేది. పోటుకు వచ్చే నీటిని నేను కూడా చాలా రేవుల్లో కాచుకున్నాను. ఒక గంట ఆలస్యమైతే పన్నెండు గంటలు పోతాయి. మకారోవ్ ఏ టగ్గు ఏ ఓడను ఎప్పుడు లాగాలో వరసకట్టి ఒకే పోటులో అందరినీ బయటికి తెచ్చాడు. కొండ అవతలి నుంచి గుండ్లు వేస్తున్న జపాన్ ఓడల మీదకు కొండ ఇవతలి నుంచే గురిపెట్టేలా పరిశీలకులను పెట్టించాడు. శత్రువు వైర్‌లెస్‌ను ప్రతి ఓడా విని, రాసుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. స్తెరెగుష్చీ అనే డిస్ట్రాయర్ (వేగంగా పోయే చిన్న యుద్ధనౌక) చుట్టుముట్టబడిందని తెలిస్తే, యుద్ధనౌక కోసం ఆగకుండా నోవిక్ అనే చిన్న క్రూయిజరు ఎక్కి తానే బయలుదేరాడు. దాన్ని కాపాడలేకపోయాడు. కానీ అడ్మిరల్ ఒక చిన్న ఓడ మీద మన వాళ్ల కోసం పోయాడన్న వార్త రేవంతా పాకింది. నావికులకు అది చాలు.

ఏప్రిల్ 12 రాత్రి వానలో రేవు బయట నీడలు కదిలాయి. సర్చిలైట్ల వెలుగులో ఓడలున్నట్టు కనిపించింది. మన డిస్ట్రాయర్లు కొన్ని బయటికి వెళ్లి ఉన్నాయి, అవే కావచ్చు, కాల్చకండి అన్నాడు మకారోవ్. చోటు గుర్తు పెట్టుకుని పొద్దున మైనులున్నాయేమో గాలించాలనుకున్నారు. నిజానికి వచ్చింది జపాన్ మైనులు వేసే ఓడ. పొద్దున్నే స్త్రాష్నీ అనే డిస్ట్రాయరు శత్రువులకు చిక్కింది. దాన్ని కాపాడే హడావుడిలో గాలింపు ఎవరికీ గుర్తులేదు. మకారోవ్ తన యుద్ధనౌక పెత్రోపావ్లోవ్‌స్క్ మీద బయటికి వెళ్లి, జపాన్ అడ్మిరల్ టోగో దళం పూర్తిగా కనిపించాక వెనక్కి తిరిగాడు. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాల ప్రాంతంలో మైను తగిలి ముందు మందుగుండు గది పేలింది. రెండు నిమిషాల్లో ఓడ లేదు. ఆరు వందలకు పైగా మనుషులు పోయారు. అడ్మిరల్‌ది పైకోటు మాత్రం దొరికింది. పక్కనే ఉన్న చిత్రకారుడు వెరెష్చాగిన్ కూడా పోయాడు. జైపూర్‌లో 1876నాటి వేల్స్ యువరాజు ఊరేగింపును గీసింది ఆయనే, ఆ పెద్ద పటం కోల్‌కతా విక్టోరియా మెమోరియల్‌లో ఉంది. అదే రోజు పొబేదా అనే మరో యుద్ధనౌకకు కూడా మైను తగిలింది, అది ఒరుగుతూనే రేవు చేరింది. ఓడలు మునగకుండా ఉండటం మీద ముప్ఫై ఏళ్లు పనిచేసినవాడు రెండు నిమిషాల్లో మునిగాడని చాలామంది రాస్తారు. మందుగుండు గది పేలితే ఏ చాపా, ఏ గొట్టమూ ఆగదు. ఆయన తప్పు ఓడలో లేదు, గాలించకుండా వెళ్లడంలో ఉంది. మిగతా జీవితమంతా కొలిచి అడుగు వేసినవాడు ఆ ఒక్క పొద్దున కొలవలేదు.

బతికి ఉంటే రష్యా గెలిచేదా? నాకు నమ్మకం లేదు. టోగో దగ్గర వేగమైన ఓడలు, దగ్గరి రేవులు, బాగా కసరత్తు చేసిన నావికులు ఉన్నారు. కానీ ఆయన తరువాత వచ్చినవాళ్లు నెలల తరబడి రేవులోనే కూర్చున్నారు, మకారోవ్ కూర్చోనిచ్చేవాడు కాదు. అంత తేడా. గొప్ప సేనాని అని నేను అనను, పెద్ద యుద్ధం ఒక్కటి కూడా నడపలేదు. గొప్ప నావికుడు అంటాను, అది వేరే కొలమానం.

పిస్తోలు సంగతి: అది సోవియట్ కాలపు ఆయుధ రూపకర్త నికొలాయ్ మకారోవ్‌ది, ఇద్దరికీ చుట్టరికం లేదు. మీ తమ్ముడికి పందెం డబ్బు ఇచ్చేయండి.